నీళ్ళ మీద తేలే ఇంజనుకి వేడి గొడవ



పోయిన నెల పడవ ఇంజన్ల గురించి నాలుగు మాటలు రాశానో లేదో, అమెరికా నుంచి ఉత్తరాలు వరసకట్టాయి. వేసవి వస్తే శని, ఆదివారాలు సరస్సుల మీదే గడిపే తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నట్టున్నాయి. వాటిలో టెక్సాస్ నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. ఆయన 1970ల నాటి జెట్ బోటు ఒకటి కొన్నారు. లోపల షెవర్లే వాళ్ళ 454 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజను, వెనక బర్కిలీ పంపు. ఇంజన్ని విప్పించి, కొత్త పిస్టన్లు, కొత్త క్యామ్ వేయించి, బలం 500 హార్స్‌పవర్ దగ్గరకి తెచ్చుకున్నారు. ఇక ఆయన ప్రశ్న:

“కారుకైతే రేడియేటరూ ఫ్యానూ కావాలి. బోటు తేలేదే చల్లటి నీళ్ళ మీద కదా, దీనికి వేడి గొడవ ఎందుకు? నీళ్ళ గేజి 110 ఫారన్‌హీట్ దాటడం లేదు, చూస్తే సంతోషంగా ఉంది. కానీ ఆయిల్ పోసే మూత తీస్తే లోపల నురగ ఉంటోంది. కాసేపు గట్టిగా తోలితే ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది. ఎందుకంటారు?”

ఈ రెండు లక్షణాలూ ఒకే ఇంజనులో ఉండడం విడ్డూరమేమీ కాదు. బలమైన పడవ ఇంజన్లకి ఇది చాలా మామూలు రోగం. నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయి. ఆయిలేమో కాసేపు మరీ చల్లగా, కాసేపు మరీ వేడిగా ఉంటోంది. ఆయన సంతోషంగా చూసుకుంటున్న 110 డిగ్రీల గేజి (43 సెల్సియస్) ఆయిల్ సంగతేమీ చెప్పడం లేదు. ఈసారి ఉత్తరమంతా దీని మీదే రాస్తున్నాను.

ముందు ఇంజను మీద పడే భారం చూద్దాం. హైవే మీద గంటకి వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారుకి ఇరవై, ముప్పై హార్స్‌పవర్ చాలు. బానెట్ కింద 300 ఉన్నా, మిగతాది ఊరికే పడుంటుంది. పడవకి ఆ వెసులుబాటు లేదు. నీటిని చీల్చుకుని పోవాలి, యాక్సిలరేటర్ వదిలితే నాలుగు క్షణాల్లో ఆగిపోతుంది. అంటే పడవ ఇంజను ఎప్పుడూ నిండు లోడుతో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతున్న లారీ ఇంజను లాంటిది. ఆ ఘాట్‌కి కొన కూడా ఉండదు.

500 హార్స్‌పవర్ అంటే 373 కిలోవాట్లు. ఆ పని జరగడానికి కాలే పెట్రోలులో దాదాపు మూడో వంతు శక్తి మాత్రమే షాఫ్టుకి చేరుతుంది. అంతో, అంతకంటే ఎక్కువో పొగతో బయటికి పోతుంది. మిగిలినది నీళ్ళలోకి, ఆయిల్లోకి దిగుతుంది. ఈ సైజు ఇంజనుకి పూర్తి థ్రాటిల్ మీద ఆ మిగిలినది సుమారు 250 కిలోవాట్లు అనుకోండి. నీళ్ళు ముప్పై డిగ్రీలు వేడెక్కి బయటికి పోవాలంటే సెకనుకి రెండు లీటర్లు, నిమిషానికి 120 లీటర్లు ఇంజనులోంచి పారాలి. సరస్సు నిండా నీళ్ళున్నాయి కాబట్టి అది కష్టం కాదు. అసలు చిక్కు మరోచోట ఉంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇందులో పదో వంతు నీళ్ళు కూడా అక్కర్లేదు. ఆ ఎక్కువ నీళ్ళని ఎవరు ఆపుతారు?

కారులో అయితే అవే నీళ్ళు తిరిగి తిరిగి వస్తాయి, వేడెక్కినవే లోపలికి వస్తాయి. పడవలో చాలా ఇంజన్లకి సరస్సు నీళ్ళే సూటిగా లోపలికి పోయి, బ్లాకు, హెడ్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు తిరిగి, పొగతో కలిసి బయట పడతాయి. మంచు కరిగి వచ్చిన నది నీళ్ళు పది సెల్సియస్ ఉండొచ్చు. లోపల మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్నది కొద్ది మిల్లీమీటర్ల పోత ఇనుము.

ఇక జెట్ బోటు సంగతి. దీనికి మూలపురుషుడు న్యూజిలాండ్ రైతు, ఇంజనీరు బిల్ హామిల్టన్. అక్కడి నదులు రాళ్ళ మీద జానెడు లోతున పారతాయి. ప్రొపెల్లర్ పెడితే మొదటి రాయికే పగులుతుంది. 1950లలో ఆయన నీటిని పంపుతో లోపలికి లాగి, వెనక నుంచి ధారగా కొట్టే పద్ధతిని బాగు చేసి, ఆ ధార నీటి మట్టానికి పైన వచ్చేలా పెట్టాడు. దానితో పడవ వేగం ఒక్కసారిగా పెరిగింది. 1960లో ఆయన పడవలు కొలరాడో నదికి ఎదురెక్కి గ్రాండ్ కాన్యన్ దాటాయి. అమెరికాలో ఈ పంపులకి పేరు తెచ్చింది బర్కిలీ. కాలిఫోర్నియా, అరిజోనా వైపు 1970లలో వేలకొద్దీ పడవలు ఈ పంపులతో, ఓల్డ్స్‌మొబీల్ 455, ఫోర్డ్ 460, షెవర్లే 454 ఇంజన్లతో తయారయ్యాయి.

ఈ ఏర్పాటులో ఒక సుళువు ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. ఇంజనుకి వేరే నీళ్ళ పంపు అక్కర్లేదు. జెట్ పంపు పొట్ట మీద ఒక గొట్టం తగిలిస్తే చాలు, ప్రెషర్‌తో నీళ్ళు వచ్చేస్తాయి. కానీ ఇలాంటి పంపులో ప్రెషర్ వేగానికి వర్గంగా పెరుగుతుంది. ఇంజను 2,500 ఆర్‌పీఎం దగ్గర తిరిగేటప్పుడు 10 పీఎస్ఐ ఉంటే, 5,000 దగ్గర 40 అవుతుంది. ఇంజను బ్లాకు పుట్టింది కారు కోసం. కారు రేడియేటర్ మూత 15 పీఎస్ఐ దగ్గర తెరుచుకుంటుంది. బ్లాకు పక్కన గుండ్రంగా, రేకుతో చేసిన ప్లగ్గులుంటాయి, వాటిని, హెడ్ గ్యాస్కెట్లని ఆ ప్రెషర్‌కి తగ్గట్టే చేశారు. 40, 50 పీఎస్ఐ పెడితే ఒకరోజు ప్లగ్గు ఊడి ఇంజను గది నిండిపోతుంది. లేదా గ్యాస్కెట్ అంచు నుంచి నీళ్ళు సిలిండర్లోకి దిగుతాయి. నీళ్ళు నిండిన సిలిండర్లో పిస్టన్ పైకి రాలేదు, అప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

అందుకే పంపు నుంచి ఇంజనుకి వచ్చే గొట్టం మీద గేట్ వాల్వు ఒకటి పెడతారు, మన డాబాల మీద ట్యాంకు దగ్గర ఉండేలాంటిదే. చక్రం తిప్పి నీటిని తగ్గించుకోవాలి. పాతకాలపు జెట్ బోటుల్లో చాలావాటికి ఇదొక్కటే అదుపు. దీనితో పెద్ద ఇబ్బంది ఏమిటంటే, నెమ్మదిగా పోయేటప్పుడు సరిగ్గా సరిపోయేలా తిప్పితే, పూర్తి వేగంలో సరిపోదు. పూర్తి వేగానికి సరిపెడితే నెమ్మదిలో ఇంజను మంచుగడ్డ అవుతుంది. టెక్సాస్ పాఠకుడికి జరిగింది రెండోది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: గేట్ వాల్వు ఉండనివ్వండి, కానీ ఆ పైన ప్రెషర్ రిలీఫ్ వాల్వు, దాని తర్వాత థర్మోస్టాట్ తప్పకుండా పెట్టించండి. బ్లాకులో నీళ్ళ ప్రెషర్ 25 పీఎస్ఐ దాటకుండా చూసుకోండి. గేట్ వాల్వు చక్రానికి ఒక తీగ కట్టేయండి, ఎవరి చెయ్యో తగిలి పూర్తిగా మూసుకుపోకుండా.

థర్మోస్టాట్ అంటే చాలామంది పడవ యజమానులకి ఎందుకో గిట్టదు. “అది మూసుకుపోతే ఇంజను పోతుంది, తీసి పారేస్తే గొడవే లేదు” అంటారు. తీసి పారేసినా ఇంజను పోతుంది, కాకపోతే నెమ్మదిగా, అంతే తేడా.

చల్లటి గోడల సంగతి చూడండి. పెట్రోలు ఆవిరిగా ఉంటేనే సరిగ్గా కాలుతుంది. బోరు గోడలు చల్లగా ఉంటే కొంత పెట్రోలు వాటి మీద తడిగా అంటుకుని, అక్కడున్న సన్నటి ఆయిల్ పొరని కడిగేస్తుంది. పిస్టన్ రింగులు పొడి గోడ మీద రాసుకుంటాయి. కడిగిన పెట్రోలు కిందికి దిగి, ఇంజను అడుగున ఉండే సంప్‌లో ఆయిల్‌తో కలిసి దాన్ని పలచన చేస్తుంది. బలం పెంచిన ఇంజన్లలో వాడే ఫోర్జ్‌డ్ పిస్టన్లకి ఇంకో ఇబ్బంది ఉంది. అవి వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి కాబట్టి ముందే వదులుగా అమరుస్తారు. చుట్టూ గోడ చల్లగా, లోపల పిస్టన్ వేడిగా ఉంటే ఆ కొలతలన్నీ తప్పుతాయి.

నీటి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీళ్ళు తయారవుతాయి. పెట్రోల్లోని హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలిసి పుట్టే నీళ్ళివి. 500 హార్స్‌పవర్ ఇంజను పూర్తి థ్రాటిల్ మీద నిమిషానికి రెండున్నర లీటర్ల పెట్రోలు తాగుతుంది, అన్నే నీళ్ళని పుట్టిస్తుంది. అందులో చాలా భాగం ఆవిరిగా పొగతో బయటికి పోతుంది. కానీ రింగుల పక్కనుంచి కొంచెం కిందికి జారుతుంది. ఆయిల్ వేడిగా ఉంటే ఆ ఆవిరి గాలి గొట్టం గుండా వెళ్ళిపోతుంది. ఆయిల్, దాని చుట్టూ ఉన్న లోహం చల్లగా ఉంటే అక్కడే నీటి బొట్లయి ఆయిల్‌తో చిలకబడుతుంది. టెక్సాస్ పాఠకుడు మూత తీసి చూసిన నురగ అదే. మూత లోపలి వైపు, వాల్వ్ కవర్ పైభాగంలో మాత్రమే లేత గోధుమ రంగులో, వేలితో తీస్తే జిడ్డుగా వస్తే అది చల్లదనం వల్ల వచ్చింది. డిప్‌స్టిక్ తీసినప్పుడు దాని మీద ఉన్న ఆయిల్ కూడా అదే రంగులో ఉంటే మాత్రం గ్యాస్కెట్ పోయిందో, ఆయిల్ కూలర్ చిల్లు పడిందో చూడాలి. అప్పుడు ఇంజన్ని ఇక ఒక్కసారి కూడా తిప్పకండి.

ఎంత వేడి సరైనది అంటే, మంచినీటి సరస్సులో తిరిగే ఇంజనుకి 160 ఫారన్‌హీట్ (71 సెల్సియస్) థర్మోస్టాట్ మంచిది. సముద్రపు నీళ్ళని సూటిగా తీసుకునే ఇంజన్లకి 140 దగ్గర (60 సెల్సియస్) ఉన్నది వాడతారు. చక్కెర వేడి నీళ్ళలో ఎక్కువ కరుగుతుందని మనకి తెలుసు. సముద్రంలోని కాల్షియం లవణాలకి ఇది తలకిందులు, వేడెక్కే కొద్దీ అవి నీళ్ళలోంచి విడిపోయి లోహానికి పట్టేస్తాయి. 60 దాటి పైకి పోయిన కొద్దీ బ్లాకు లోపలి దారులు గట్టి పెచ్చుతో మూసుకుపోతాయి. సముద్రంలో ఎక్కువ తిరిగేవాళ్ళు మూసిన పద్ధతి పెట్టుకోవడమే మేలు: ఇంజనులో కూలెంట్ తిరుగుతుంది, దాని వేడిని హీట్ ఎక్స్‌చేంజర్‌లో సముద్రపు నీళ్ళు తీసుకుపోతాయి.

ఒక హెచ్చరిక. పడవలో థర్మోస్టాట్ మూసుకున్నప్పుడు కూడా ఎగ్జాస్ట్‌కి నీళ్ళు పోతూనే ఉండాలి. పడవ పొగ వెనక్కి పోయేది రబ్బరు గొట్టాల్లోంచి. ఇంజను నుంచి ఆరేడు వందల డిగ్రీలతో వచ్చే పొగని నీళ్ళతో తడిపితేనే ఆ రబ్బరు బతుకుతుంది. కారుకి అమర్చే థర్మోస్టాట్ హౌసింగ్ కొనుక్కొచ్చి పడవ ఇంజనుకి బిగిస్తే, అది మూసుకున్నంతసేపూ ఎగ్జాస్ట్‌కి చుక్క నీరు ఉండదు. పక్కదారి ఉన్న, పడవ కోసమే చేసిన హౌసింగ్ కావాలి. ఇందులో డబ్బు మిగుల్చుకోవద్దు.

ఇక ఆయిల్. నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నది దీని గురించే.

ఆయిల్‌కి రెండు పనులు. బేరింగుల మధ్య జారుడు పొర కావడం ఒకటి, నీళ్ళు చేరలేని చోట్ల వేడిని మోసుకురావడం రెండోది. పిస్టన్ అడుగుభాగం, క్రాంక్ బేరింగులు, వాల్వ్ స్ప్రింగులు, వీటి దగ్గరికి నీళ్ళు పోలేవు, ఆయిలే పోవాలి. అంటే ఇంజను లోతుల్లో ఏం జరుగుతోందో ముందు ఆయిల్‌కే తెలుస్తుంది. అయినా పడవ డ్యాష్‌బోర్డుల మీద నీళ్ళ టెంపరేచర్ గేజి ఉన్నంత తరచుగా ఆయిల్ టెంపరేచర్ గేజి కనిపించదు. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

కారు ఆయిల్ సంప్ కింద గాలి దూసుకుపోతూ దాన్ని కొంత చల్లబరుస్తుంది. పడవలో ఆ సంప్ మూసిన గదిలో, అడుగున, గాలి ఆడని చోట ఉంటుంది. చుట్టూ నీళ్ళున్నా, మధ్యలో గాలి ఖాళీ, ఫైబర్‌గ్లాస్. కాబట్టి నీళ్ళ గేజి 60 సెల్సియస్ చూపిస్తూ హాయిగా ఉన్న సమయంలోనే ఆయిల్ 130 దాటిపోవచ్చు. అదే ఇంజన్ని గంటసేపు నెమ్మదిగా, పెద్ద ఆయిల్ కూలర్ పెట్టి తిప్పితే ఆయిల్ 60 కూడా ఎక్కదు. ఒకే పడవలో, ఒకే మధ్యాహ్నం ఈ రెండూ జరుగుతాయి.

ఆయిల్ చిక్కదనం వేడితో ఎంత మారుతుందో అంకెల్లో చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు. ఎస్ఏఈ 40 గ్రేడు అంటే వంద సెల్సియస్ దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య చిక్కదనం ఉండాలి. అదే ఆయిల్ నలభై డిగ్రీల దగ్గర సుమారు పదింతలు చిక్కగా ఉంటుంది. 130కి పోతే వంద దగ్గరున్న దానిలో దాదాపు సగానికి పడిపోతుంది. బేరింగుకి, క్రాంకుకి మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ సందులో లోహం లోహాన్ని తాకకుండా నిలబెట్టేది ఆ చిక్కదనమే. గట్టిగా తోలితే ప్రెషర్ పడిపోతోందని టెక్సాస్ పాఠకుడు రాశారే, ఆయిల్ పలచబడిందని ఇంజను చెప్తున్న మాట అది. పాత మెకానిక్కుల లెక్క ఒకటుంది: ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ ఆయిల్ ప్రెషర్ ఉండాలి. 5,000 దగ్గర 50 లేకపోతే థ్రాటిల్ వెంటనే తగ్గించండి.

అతి చల్లని ఆయిల్ కూడా తక్కువ నష్టం చేయదు. చిక్కటి ఆయిల్ ఫిల్టర్ కాగితంలోంచి దూరలేక పక్క వాల్వు తెరుచుకుంటుంది, అప్పుడు వడకట్టని ఆయిలే బేరింగులకి పోతుంది. ఈ షెవర్లే ఇంజన్లలో ఆయిల్ పంపుని తిప్పేది డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు. చల్లటి ఆయిల్‌తో ఇంజన్ని ఒక్కసారిగా అరిపిస్తే ఆ భారమంతా క్యామ్ మీదున్న చిన్న గేరు పళ్ళ మీద పడి అవి అరిగిపోతాయి. అరిగిన పళ్ళ పొడి మళ్ళీ ఆయిల్లోకే పోతుంది.

మామూలు ఆయిల్‌కి 82 నుంచి 105 సెల్సియస్ మధ్య (180 నుంచి 220 ఫారన్‌హీట్) మంచి స్థానం. లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరి ఎగిరిపోయేంత వేడి, పొర తెగనంత చల్లదనం అక్కడ ఉంటాయి. 121 (అంటే 250 ఫారన్‌హీట్) దాటితే థ్రాటిల్ తగ్గించాలి. ప్రతి పది సెల్సియస్‌కి ఆయిల్ చెడిపోయే వేగం సుమారు రెట్టింపవుతుందని లెక్క. మంచి సింథటిక్ ఆయిల్ ఇంకొంచెం ఓర్చుకుంటుంది, కానీ బేరింగు లోపలి వేడి సంప్‌లో గేజి చూపించే దానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని గుర్తుంచుకోండి.

గేజి సెన్సర్ ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. కూలర్ తర్వాత గొట్టంలో పెడితే చల్లబడిన ఆయిల్ అంకె కనిపిస్తుంది, మనసుకి హాయిగా ఉంటుంది, సంప్ సంగతి తెలియదు. సంప్‌లో, నిండుగా ఆయిల్ ఉండే చోట పెట్టించండి.

ఆయిల్ కూలర్ విషయంలో రెండు పక్షాలున్నాయి. ఒకరు సరస్సు నీళ్ళని ముందు కూలర్‌కే పంపి, తర్వాత ఇంజనులోకి పంపుతారు. ఇంకొకరు ఇంజనులో వేడెక్కి వచ్చిన నీళ్ళని కూలర్‌కి పంపుతారు, దాంతో ఆయిల్ త్వరగా వేడెక్కుతుంది, మరీ చల్లబడదు. రెండోది వినడానికి బాగుంటుంది, కానీ పూర్తి థ్రాటిల్ మీద గంటలు గంటలు పోయేవాళ్ళకి దాని శక్తి చాలదు. నేను మొదటి పక్షమే: చల్లటి నీళ్ళు ముందు కూలర్‌కి, ఆయిల్ గొట్టంలో మాత్రం ఆయిల్ థర్మోస్టాట్. ఆయిల్ 82 సెల్సియస్ దగ్గరికి వచ్చేదాకా అది ఆయిల్‌ని కూలర్ వైపు పోనివ్వదు. ఉదయం చల్లగా ఉన్నా, మధ్యాహ్నం ఎండగా ఉన్నా ఆయిల్ ఒకే స్థాయిలో నిలుస్తుంది. పెద్ద సంప్ కూడా పెట్టుకోండి. కారు ఇంజనుకి సరిపోయే ఐదారు లీటర్లు ఇక్కడ తక్కువ. ఎనిమిది, తొమ్మిది లీటర్లుంటే ప్రతి చుక్కకీ సంప్‌లో ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

ఏడాదికోసారి కూలర్ చివరి మూత విప్పి చూడండి. లోపల పెన్సిలు కంటే సన్నటి రాగి గొట్టాలు వరసగా ఉంటాయి, నీళ్ళు వాటిలోంచి, ఆయిల్ వాటి చుట్టూ పోతాయి. నీళ్ళు వచ్చే వైపు ఆ గొట్టాల నోళ్ళలో ఏముందో చూస్తే మీ పడవ చరిత్ర తెలుస్తుంది: నాచు, గడ్డి పోచలు, సన్నటి గులకరాళ్ళు. రబ్బరు ఇంపెల్లర్ పంపు ఉన్న ఇంజన్లలో అయితే విరిగిన రబ్బరు రెక్కల ముక్కలు. ఇంపెల్లర్ మార్చినప్పుడు పాతదాని రెక్కలు లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే అది ఎక్కడో ఇరుక్కుని ఉన్నట్టే, దొరికేదాకా వెతకాలి. పడవ వెనక నీళ్ళ మీద రంగురంగుల తెట్టె కనిపిస్తే కూలర్ గొట్టం చిల్లు పడి ఉండొచ్చు. ఇంజను తిరిగేటప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్ళలోకి పోతుంది. ఆపాక ఆ ప్రెషర్ పోయి, నీళ్ళు ఆయిల్లోకి దిగుతాయి.

నీళ్ళు లోపలికి వచ్చే దారి ఇంకొకటి ఉంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు పెద్ద క్యామ్ ఉన్న ఇంజన్లు పొగని కాస్త వెనక్కి పీల్చుకుంటాయి. ఆ పీల్పులో ఎగ్జాస్ట్‌లోని నీళ్ళు కూడా వాల్వుల దాకా వస్తాయి, వాల్వు గద్దెలు తుప్పు పడతాయి. మానిఫోల్డులు మరీ చల్లగా ఉంటే లోపల తేమ పట్టి ఇది ఇంకా పెరుగుతుంది. కొత్త క్యామ్ వేయించుకున్న టెక్సాస్ పాఠకుడు దీని మీద ఒక కన్నేసి ఉంచాలి.

మన నదుల సంగతి అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. 1977లో ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ బోట్లతో గంగాసాగర్ దగ్గర బంగాళాఖాతంలో బయల్దేరి గంగకి ఎదురెక్కి హిమాలయాల్లోకి వెళ్ళాడు. బిల్ హామిల్టన్ కొడుకు జాన్ హామిల్టన్ ఆ బృందంలో ఉన్నాడు. నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డుపడేదాకా పడవలు వెళ్ళాయి. సముద్రపు ఉప్పు నీళ్ళతో మొదలై, మైదానంలో ఒండ్రు నీళ్ళు దాటి, చివరికి మంచు కరిగిన నీళ్ళ దాకా సాగిన దారి అది. ఇంజన్ని చల్లబరిచే పద్ధతికి ఇంతకంటే కఠినమైన పరీక్ష నాకు తోచదు. గోదావరి, కృష్ణల్లో వరద రోజుల్లో బలమైన జెట్ బోటు ఎవరైనా నడపాలనుకుంటే ముందు ఆలోచించాల్సింది ఇసుక వడకట్టే స్ట్రైనర్ గురించి. ఇసుక బ్లాకు అడుగున పేరుకుంటే వెనకవైపు సిలిండర్ల చుట్టూ నీళ్ళు ఆడవు. గేజి ముందు వైపు ఉంటుంది కాబట్టి ఆ వేడి దానికి తెలియదు.

విజయవాడ పాఠకులు ఒకరు 2018 నవంబరులో కృష్ణలో జరిగిన ఎఫ్1హెచ్2ఓ పడవ పందేలు గుర్తుచేసి, ఆ పడవలకీ ఆయిల్ కూలర్లు ఉంటాయా అని అడిగారు. అప్పుడు వాటికి ఉన్నవి రెండున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల టూ స్ట్రోక్ మోటార్లు, పది వేల ఆర్‌పీఎం దాకా తిరిగేవి. టూ స్ట్రోక్‌లో సంప్ ఉండదు. ఆయిల్ పెట్రోలుతో పాటే లోపలికి పోయి కాలిపోతుంది, కాబట్టి చల్లబరచాల్సిన ఆయిల్ అంటూ మిగలదు. అక్కడ బతుకంతా నీళ్ళ మీదే. ఉప్పాడలోనో భీమిలిలోనో ఫైబర్ పడవల వెనక ఔట్‌బోర్డ్ మోటారు నుంచి పక్కకి సన్నటి నీళ్ళ ధార కొట్టడం చూసే ఉంటారు. ధార వస్తుంటే లోపల పంపు నీళ్ళు తోడుతున్నట్టు. ఆగిపోతే మోటారు వెంటనే ఆపాలి.

టెక్సాస్ మిత్రుడికి నా సలహా వరస ఇది. ముందు సంప్‌లో ఆయిల్ టెంపరేచర్ గేజి, ఇంజను నీటి దారిలో ప్రెషర్ గేజి. తర్వాత రిలీఫ్ వాల్వు, 160 థర్మోస్టాట్, పక్కదారి ఉన్న హౌసింగ్. ఆ తర్వాతే ఆయిల్ థర్మోస్టాట్, కూలర్. ఇప్పుడున్న ఆయిల్‌లో పెట్రోలు, నీళ్ళు కలిసి ఉంటాయి, దాన్ని ఫిల్టర్‌తో సహా మార్చేయండి. పడవ దించాక ఆయిల్ 60 సెల్సియస్ చేరేదాకా నెమ్మదిగా పోండి. ఇది నీళ్ళు వేడెక్కిన దానికంటే చాలా ఆలస్యంగా జరుగుతుంది, ఓపిక పట్టండి. గట్టిగా తోలాక ఒడ్డుకి రాగానే టక్కున ఆపేయకండి. ఇంజను ఆగితే నీళ్ళూ ఆగుతాయి, లోహంలోని వేడి మాత్రం అక్కడే ఉంటుంది. చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా తిరుగుతూ రండి.

వేసవి సీజను మొదలుకాబోతోంది. ఇన్‌బోర్డ్ ఫోర్ స్ట్రోక్ ఇంజను ఉన్న పాఠకులందరికీ ఒక విన్నపం. ఈ నెల పడవ తీసినప్పుడు నెమ్మదిలో, మధ్య వేగంలో, పూర్తి థ్రాటిల్‌లో ఐదు నిమిషాల తర్వాత, ఈ మూడు చోట్లా నీళ్ళ టెంపరేచర్, నీళ్ళ ప్రెషర్, ఆయిల్ టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ రాసి నాకు పంపండి. ఇంజను పేరు, నీళ్ళు మంచివో ఉప్పువో కూడా రాయండి. వచ్చే ఉత్తరంలో వాటిని పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం. ఆయిల్ టెంపరేచర్ గేజి లేనివాళ్ళు హార్స్‌పవర్ మీద ఇంకో రూపాయి పెట్టే ముందు అది పెట్టించుకోండి.

ఉంటాను.
మీ ఉత్తరాల మిత్రుడు